మూడు రోజుల తాళం

బుధవారం పొద్దున్న మండపం వంటగదిలో శ్రీరామ్ పెద్ద గుండిగను పొయ్యి మీదకి ఎక్కించి, సరిగ్గా కూర్చుందో లేదో అని రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటున్నాడు. అప్పుడే పైనుంచి ఒక చుక్క పడి గుండిగ అంచు మీద టప్పుమంది. అతను తలెత్తాడు. స్లాబు మీద దోసెంత మేర పసుప్పచ్చని మరక, దాని నడుమ ఇంకో చుక్క బరువెక్కుతోంది.

"ఏటిది?" అన్నాడు.

గుమ్మం దగ్గర తుడుస్తున్న వాసంతి చీపురు పక్కన పెట్టింది. "పైన బాత్రూం," అంది.

శ్రీరామ్ ఇరవై ఏళ్ళుగా ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకి వండుతున్నాడు. గొంతు పెంచే మనిషి కాదు. గుండిగ దించేసి, భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. "స్నానాల నీళ్ళు పడేకాడ పెళ్ళివంట వండను. ప్రెసిడెంటు గారికి సెప్పెయ్యమ్మా."

ప్రెసిడెంటు హరనాథ్ గారు రైల్వే ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. న్యూ సెటిల్‌మెంట్‌ రైల్వే కాలనీలోని ఈ కళ్యాణమండపాన్ని నడిపే సంఘానికి ఆరేళ్ళుగా ఆయనే పెద్ద. ఆదివారం ఇక్కడ జరగబోయేది ఆయన కూతురు ప్రణతి పెళ్ళి. కబురు అందిన అరగంటలో స్కూటర్ మీద వచ్చారు. వెనక సీటు మీంచి సెక్రటరీ త్రివిక్రమ్ దిగాడు.

ఇద్దరూ చాలాసేపు స్లాబుకేసి చూశారు.

"టైల్స్ సందుల్లో రెండుసార్లు సిలికాన్ పెట్టించాను కదండీ," అన్నాడు త్రివిక్రమ్. "సరుకు మంచిదే. ఈవిడ రోజూ బకెట్లకి బకెట్లు కుమ్మరించి కడుగుతుంది. ఇంకేటి ఆగుతుంది?"

వాసంతికి ఆ రెండుసార్లూ కళ్ళకి కట్టినట్టు గుర్తున్నాయి. త్రివిక్రమ్ పంపిన మనిషి తడి టైల్స్ మీదే, పాత సిలికాన్ పైనే, కొత్తది గీసి గంటలో వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే ఏదో ఫంక్షన్‌కి వచ్చిన ఇరవైమంది అందులో స్నానాలు చేశారు. మర్నాడు కడగబోతే అది కాలిన చర్మంలా అంచు లేచి చీపురుకి చుట్టుకుంది.

"కడగడం వల్ల కాదు సార్," అంది. "అది ఆరకుండానే—"

హరనాథ్ గారు చెయ్యెత్తారు. "పెళ్ళి కానీ వాసంతీ. ఒకటో తారీకు నుంచి నీ పనికి ఏజెన్సీ వాళ్ళొస్తారు. మొన్న కమిటీలో అనుకున్నాం." ఆ మాట ఆయన ఆమెకేసి చూసి అనలేదు, ఆరిపోయిన పొయ్యికేసి చూస్తూ అన్నారు.

మండపం వెనక గదిలో ఉంటూ, తొమ్మిదేళ్ళుగా ఆ ఇల్లంతా తన చేత్తో తుడిచిన వాసంతికి ఆ సంగతి అప్పుడే తెలిసింది. చీపురు మళ్ళీ చేతిలోకి తీసుకుంది, కానీ ఊడవలేదు.

త్రివిక్రమ్ తన మనిషికి ఫోన్ చేశాడు. అతను టాటానగర్‌లో ఉన్నాడట, సోమవారం గానీ రాడట. శ్రీరామ్ గుండిగ పక్కన చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు. మగపెళ్ళివారు శుక్రవారం సాయంత్రం దిగుతున్నారు.

"నేను తెస్తాను మనిషిని," అంది వాసంతి. "ఒక్కటే మాట సార్. ఆయన ఎన్నాళ్ళు ఆరబెట్టమంటే అన్నాళ్ళు ఆ తలుపు ఎవరూ తియ్యకూడదు."

హరనాథ్ గారు వంటవాడికేసి చూశారు, వాచీకేసి చూశారు. "సరే, ఠీక్ హై. ముందు తీసుకురా."

*

సొలొమోను రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు బోగీల కిటికీ అద్దాలకి నీళ్ళు దూరకుండా సీలింగ్ చేసిన మనిషి. డెబ్భై దాటాయి, మోకాళ్ళు అరిగిపోయాయి. వాసంతి సైకిల్ మీద వెళ్ళి అడిగితే చొక్కా తొడుక్కుని టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కి వచ్చేశాడు. మేడమెట్లు ఒక్కొక్కటిగా, రెయిలింగ్ పట్టుకుని ఎక్కాడు. బాత్రూంలో బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, గోడా నేలా కలిసే చోటు వెంట వేలు పెట్టి రాశాడు.

"మడ్డి మీద మడ్డి పెట్టినారు," అన్నాడు. "నాను కిందకి వొంగలేనమ్మా. నువ్వు గీకు. నాను సూస్తాను."

వాసంతి చీరకొంగు బిగించి బ్లేడు పట్టుకుంది. సిలికాన్ పీలికలు పీలికలుగా వచ్చింది. దాని కింద నల్లటి బూజు, బూజు కింద తడి. ఎంత గీకినా సొలొమోను "ఇంకా" అంటూనే ఉన్నాడు. టైల్స్ సందుల్లో పాత టూత్‌బ్రష్‌తో తోమించాడు. పొడి గుడ్డతో అద్దించాడు. ఆ తర్వాత ఒక టిష్యూ కాగితం మడిచి సందులోకి దూర్చి బయటికి లాగమన్నాడు. కాగితం అంచు తడిసి వచ్చింది.

"లోపల నీళ్ళున్నాయి. ఇప్పుడు పెడితే పట్టదు. ఫేనెట్టి ఒదిలెయ్యి. రేప్పొద్దున్న సూద్దాం."

"బాబాయ్, శుక్రవారం వాళ్ళొచ్చేస్తారు."

"రానియ్యమ్మా. నీళ్ళకి పెళ్ళి సంగతి తెల్దు కదా."

రాత్రంతా టేబుల్ ఫ్యాను తిరిగింది. గురువారం పొద్దున్న దూర్చిన కాగితం పొడిగా, కరకరలాడుతూ వచ్చింది. సొలొమోను తలూపి సంచీలోంచి స్పిరిట్ సీసా, పేపరు టేపు, సిలికాన్ గన్ తీశాడు. స్పిరిట్‌తో సందంతా తుడిపించాడు. పైన ఒక వరస, కింద ఒక వరస టేపు అంటింపించాడు. ఆ రెండింటి మధ్య మిగిలిన జాగా చిటికెనవేలు మందం ఉంది. గొట్టం మూతి ఏటవాలుగా కోసి, గన్ చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం తన చేతినే చూసుకున్నాడు. మూతి సన్నగా వణుకుతోంది.

"పట్టు," అని ఆమెకిచ్చాడు.

"నాకు రాదు బాబాయ్."

"ముగ్గు వేస్తావా?"

"వేస్తాను."

"పిండి ఎలా ఒదులుతావో ఇదీ అలాగే. ఆగకు. ఆగినకాడ గెడ్డ కడతాది."

ముందు పాత పేపరు మీద నాలుగు గీతలు గీసింది. మొదటిది పాములా వంకర పోయింది. నాలుగోది తిన్నగా వచ్చింది. అప్పుడు మోకాళ్ళ మీద వంగి, గోడ మూల నుంచి మొదలుపెట్టి, ఊపిరి బిగబట్టి, వెనక్కి వెనక్కి జరుగుతూ గుమ్మం దాకా ఒకే లాగుడుగా లాగింది. సబ్బు నీళ్ళలో వేలు ముంచి గీత పొడుగునా నడిపింది. టేపు ఊడబీకాక మిగిలిన తెల్లటి గీతని సొలొమోను ఒకసారి చూశాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి చివరి దాకా చూశాడు.

"వర్క్‌షాపులో ఇలాటి గీత గీసినోళ్ళు నాకు నలుగురే తెలుసు," అన్నాడు చివరికి.

గది నిండా వెనిగర్ లాంటి పుల్లటి సిర్కా వాసన, పచ్చడి జాడీ మూత తీసినట్టు. ఆ వాసన దాని ఊపిరి అన్నాడు సొలొమోను. అది పోయేదాకా సరుకు లోపల పచ్చిగా ఉన్నట్టేనట.

"ఇది ఎండకి ఆరీ సరుకు కాదు, గేపకం పెట్టుకో. గాల్లో సెమ్మ తాగి గట్టిపడతాది. శ్రావణమాసం, మనూర్లో సెమ్మకేటి కొదవ? గాలి మెల్లగా ఆడనియ్యి. వేడి మాత్రం పెట్టకు. పైన తోలు కట్టేసి లోపల పచ్చిగా ఉండిపోద్ది. నీటి సుక్క తగలనియ్యకు. ఇయ్యాల, రేపు, ఎల్లుండి. ఆదివారం పొద్దున్న తలుపు తియ్యి."

వాసంతి కిటికీ తెరిచి ఉంచి, వాన జల్లు లోపలికి కొట్టకుండా బయట చువ్వలకి ప్లాస్టిక్ పట్టా ఏటవాలుగా కట్టింది. ఫ్యానుని గుమ్మంలో పెట్టి, గీత మీదకి కాకుండా బయటికి తిప్పి, అన్నిటికన్నా నెమ్మదిగా ఉండే మీట నొక్కింది. నల్లా కింద చుక్కలు పడకుండా గుడ్డ చుట్టింది. తలుపు కింద ఫ్యాను తీగ నలగకుండా చూసి, తాళం వేసింది.

*

శుక్రవారం మధ్యాహ్నం వెనక పెరట్లో అంట్లు కడుగుతుంటే పైనుంచి బుయ్యిమని చప్పుడు వినపడింది. ఫ్యాను చప్పుడు కాదు. మసి చేతులతోనే మెట్లెక్కింది.

బాత్రూం తలుపు తెరిచి ఉంది. త్రివిక్రమ్ నేల మీద గొంతుక్కూర్చుని, హెయిర్ డ్రయ్యరు పట్టుకుని, మూలన గీత మీద వేడిగాలి కొడుతున్నాడు. ఆఫీసు బీరువాలో రెండో తాళంచెవి ఉన్న సంగతి ఆమెకి తట్టలేదు.

"ఆపండి సెక్రటరీ గారూ."

"గంటలో ఆరిపోతుంది వాసంతీ. సాయంత్రానికి వాళ్ళొచ్చేస్తారు. మా ఆవిడది, కొత్తది, టూ థౌజండ్ వాట్స్."

ఆమె వెళ్ళి గోడ మీది స్విచ్ కట్టేసింది. జానెడు మేర గీత మీద బుడగలు లేచాయి, నూనెలో వేసిన అప్పడంలా. ఒక బుడగ వాళ్ళు చూస్తుండగానే చితికి, లోపలి పచ్చి సరుకు మెరిసింది.

త్రివిక్రమ్ దానికేసీ చేతిలోని డ్రయ్యరుకేసీ చూశాడు. "సాయం చేద్దామని," అన్నాడు.

వాసంతి డ్రయ్యరు ప్లగ్గు పీకేసింది. అనాలని నోటిదాకా వచ్చినవన్నీ మింగి, సొలొమోనుకి ఫోన్ చేసింది. ఆయన మూడు ముక్కల్లో చెప్పాడు: చెడినంత మేర రెండు వైపులా అంగుళం ఎక్కువ కోసి తీసెయ్యి, స్పిరిట్‌తో తుడువు, పల్చగా పెట్టు. "ఆదివారం పొద్దుటికి నలభై గంటల పైనే ఉంది. అది సాలు. నాను రావాలేటి?"

"వద్దు బాబాయ్. నేను చేస్తాను."

చేసింది. త్రివిక్రమ్ గుమ్మంలోనే నిలబడి, ఆమె అడిగినప్పుడల్లా గుడ్డ అందిస్తూ, టేపు చింపి ఇస్తూ ఉన్నాడు. కొత్త ముక్క పాత గీతలో కలిసిపోయింది. ఆమె తన గదిలోకి వెళ్ళి, ట్రంకుపెట్టెకున్న తాళం ఊడదీసి తెచ్చి, బాత్రూం గడియకి రెండో తాళంగా వేసింది. చెవి కొంగున ముడేసుకుంది.

ఆ పైన కూర్చోలేదు. కింద వెనకవైపున్న రెండు బాత్రూములూ పనివాళ్ళు వాడేవి, గీజరు లేనివి. నేల రాయితో రుద్దింది. కొత్త బల్బులు పెట్టింది. బట్టలు తగిలించుకోడానికి మేకులు కొట్టింది. పెద్దవాళ్ళు కూర్చుని పోసుకునేందుకు చెక్కపీట ఒకటి, జారకుండా కింద గోనె ముక్క పరిచి పెట్టింది. శ్రీరామ్ ఒక పొయ్యి ఖాళీ చేసి పెద్ద గుండిగ నిండా నీళ్ళు ఎక్కించాడు. అడగకుండానే.

*

రైలు దిగి టోటోల్లో మగపెళ్ళివారు వచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. పెళ్ళికొడుకు నిఖిలేష్ ఈ ఊళ్ళోనే ఇంజనీరింగ్ సంస్థలో పనిచేస్తాడు. వచ్చినవాళ్ళు పలాస నుంచి అతని తల్లిదండ్రులూ, చుట్టాలూ. అందరి ముందూ చేతికర్రతో నడిచి వచ్చినావిడ అతని నాయనమ్మ లక్ష్మీకాంతం గారు. ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారనీ, మర్యాదల్లో చిన్న లోటు జరిగినా మొహం మీదే అనేస్తారనీ హరనాథ్ గారి ఇంట్లో వారం రోజులుగా చెప్పుకుంటున్నారు.

"ముందు స్నానం చెయ్యాలి," అన్నారావిడ కూర్చోకుండానే. "రైలంతా ఒంటి మీదుంది."

హరనాథ్ గారు రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వచ్చారు. వాసంతి బాత్రూం ముందు నిలబడి ఉంది. రెండు తాళాలు చూసి ఆయన ఆగారు.

"తియ్యి."

"కింద వేడినీళ్ళు పెట్టాను సార్. పీట వేశాను. మెట్లెక్కే పని కూడా ఉండదు ఆవిడకి."

"పనివాళ్ళ బాత్రూంలోనా? మగపెళ్ళివారినా?" ఆయన గొంతు తగ్గించారు, కింద వినపడుతుందని. "నా పరువు తీస్తావా? చెవి ఇయ్యి వాసంతీ."

ఆయన చెయ్యి చాపారు. వాసంతి కొంగు ముడి విప్పింది. చెవి అరచేతిలో పెట్టుకుని, ఇవ్వకుండా, ఆయనకేసి చూసింది. ఒకటో తారీకు నుంచి ఎలాగూ ఈ గుమ్మంలో తను ఉండదన్న ఆలోచన ఆమెని భయపెట్టాలి. ఎందుకో అప్పుడది కాళ్ళ కింద గట్టి నేలలా అనిపించింది.

"ఇస్తాను సార్. మీ మండపం, మీ బాత్రూం. కానీ ఇవాళ నీళ్ళు పోస్తే ఎల్లుండి కిందకి కారుతుంది. పెళ్ళివంట మీద పడుతుంది. అప్పుడు మాత్రం వాసంతి ఎక్కువ నీళ్ళు పోసి కడిగింది అనకండి. తాళం నేను తీయించాను అనండి. అంటానంటే ఇదిగో, తీసుకోండి."

హరనాథ్ గారి చెయ్యి గాల్లోనే ఉంది. మెట్ల మలుపు దగ్గర త్రివిక్రమ్ నిలబడి ఉన్నాడు. ఆయన సాయం కోసం అటు చూశారు. త్రివిక్రమ్ నేలకేసి చూశాడు.

"ఆవిడ చెప్పినట్టే కానివ్వండి," అన్నాడు చివరికి. "మధ్యాహ్నం నేనే కొంచెం పాడుచేశాను. ఆవిడే బాగుచేసింది."

హరనాథ్ గారు చెయ్యి దించుకున్నారు. మెట్లు దిగి వెళ్ళిపోయారు.

లక్ష్మీకాంతం గారిని వాసంతే చెయ్యి పట్టుకుని వెనక్కి నడిపించింది. హాల్లో ఆడపెళ్ళివారంతా కాఫీ గ్లాసులు పట్టుకుని, తాగకుండా, ఆ తలుపుకేసే చూస్తూ కూర్చున్నారు. పావుగంట తర్వాత ఆవిడ తడి జుట్టు ముడేసుకుంటూ బయటికి వచ్చారు.

"ఆ పీట కింద గోనె ఎవరు వేశారు?"

"నేనేనండి మామ్మగారూ."

"మా ఊళ్ళో నెల కిందట బాత్రూంలో జారిపడ్డాను. ఇంట్లో పదిమంది ఉన్నారు, ఒక్కరికీ ఈ ముక్క తోచలేదు." హరనాథ్ గారి వైపు తిరిగారు. "నీళ్ళు బాగున్నాయండీ. ఏదీ, కాఫీ ఇప్పించండి."

*

శనివారం వాన పడుతూనే ఉంది. ప్లాస్టిక్ పట్టా గాలికి ఒక మూల ఊడితే వాసంతి సన్‌షేడ్ మీదకి దిగి మళ్ళీ కట్టింది. పెళ్ళివారంతా వరసగా కింద స్నానాలు చేశారు. మధ్యాహ్నం హరనాథ్ గారు ఒక్కరూ పైకి వచ్చి, మూసిన తలుపు దగ్గర నిలబడి, ముక్కు చిట్లించి గాలి పీల్చారు.

"వాసన తగ్గిందేమో కదా?"

"తగ్గింది సార్. ఇంకా పోలేదు."

ఆయన తలూపి వెళ్ళిపోయారు. సాయంత్రం ఇంకోసారి వచ్చి పీల్చి వెళ్ళారు.

ఆదివారం తెల్లవారుతుండగా వాసంతి తాళాలు తీసింది. గుమ్మంలోనే కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకుంది. సున్నం వాసన, తడి సిమెంటు వాసన, కిటికీలోంచి వాన వాసన. సిర్కా వాసన లేదు. ఒంగి బొటనవేలితో గీతని నొక్కింది. అది లోపలికి పోయి, వేలు తియ్యగానే రబ్బరులా మళ్ళీ పైకి వచ్చింది. మూలన తను కోసి అతికిన ముక్కనీ నొక్కింది. అదీ అంతే.

కింద శ్రీరామ్ మరక పడ్డ చోటికి సరిగ్గా దిగువన, పొయ్యి అంచుకి ఆనించి బల్ల వేసి, దాని మీద తెల్ల కాగితం పరిచి ఉంచాడు. వాసంతి మొదటి బకెట్టు గోడ వారగా తనే పోసింది. రెండోది, మూడోది. పదో బకెట్టు దాకా పోసి, వంటగదిలోకి దిగి వచ్చింది. శ్రీరామ్ గరిటె పట్టుకుని పైకి చూస్తూ నిలబడ్డాడు.

"పోసినావా?"

"పది బకెట్లు."

"నువ్వింకా పొయ్యలేదనుకుంటున్నాను," అన్నాడతను. కాగితం తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. చుక్క లేదు. దాన్ని మళ్ళీ అక్కడే పెట్టి, పెద్ద గుండిగ ఎత్తి, ఆ మరక కిందనే ఉన్న పొయ్యి మీదకి ఎక్కించాడు.

ఆ పొద్దున్న ఆ బాత్రూంలో పెళ్ళికొడుకుతో మొదలుపెట్టి పద్దెనిమిదిమంది మంగళస్నానాలు చేశారు. గీజరు ఆగలేదు, నల్లా ఆగలేదు. కింద పులిహోర కలిపారు, బూరెలు వేయించారు, పప్పు దింపారు. తాళి కట్టే వేళకి కాగితం మీద బూరెల పిండి రవ్వంత రాలి ఉంది తప్ప ఇంకేం లేదు.

మొదటి పంక్తి లేచాక హరనాథ్ గారు పెళ్ళి పట్టుపంచెతోనే వంటగదిలోకి వచ్చారు. వెనక కమిటీ వాళ్ళు నలుగురు ఉన్నారు. ఆయన తలెత్తి చూస్తే వాళ్ళూ తలలెత్తారు. మరక అంచులు ఎండి సున్నంలా పొడిబారాయి. అరటాకులు సర్దుతున్న వాసంతి చేతులు ఆపలేదు.

"ఇన్నాళ్ళుగా ఇది కారుతోంది," అన్నారాయన, అందరికీ వినపడేలా. "ఇన్నాళ్ళూ ఈవిణ్ణే అన్నాం. ఎవరం పైకెళ్ళి చూడలేదు. నేను కూడా." కాస్త ఆగి, "ఏజెన్సీకి వద్దని రేపు చెప్పేస్తాను. నువ్వు ఉంటావా వాసంతీ?" అన్నారు.

ఆమె చేతిలోని ఆకు తుడిచి కట్ట మీద పెట్టింది. "ఉంటాను సార్. కానీ ఇకనుంచి ఇక్కడ రిపేరు ఏదైనా నాకు చెప్పి చేయించండి. అయిపోయిందో లేదో నేను చెప్తాను."

హరనాథ్ గారు కమిటీ వాళ్ళకేసి చూశారు. ఎవరూ కాదనలేదు. "అలాగే," అన్నారు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "నువ్వు భోంచేశావా?" అని అడిగారు. తొమ్మిదేళ్ళలో ఆ వంటగదిలో ఆమెని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. రెండో పంక్తిలో లక్ష్మీకాంతం గారు తన పక్కన ఒక ఆకు వేయించి, వాసంతి వచ్చి కూర్చునేదాకా అన్నంలో చెయ్యి పెట్టలేదు.

*

పది రోజుల తర్వాత త్రివిక్రమ్ మండపానికి వచ్చి, కాసేపు సంబంధం లేని మాటలు మాట్లాడి, గొంతు సవరించుకున్నాడు. వాళ్ళ ఇంట్లో బాత్రూం గోడ నెమ్మెక్కి పడగ్గదిలోకి రంగు పెచ్చులుగా ఊడుతోందట. టాటానగర్ మనిషి రెండుసార్లు చేసి వెళ్ళాడట.

వాసంతి కొత్తగా కొనుక్కున్న సిలికాన్ గన్ను సంచీలో వేసుకుని సైకిలెక్కింది. ఒక రోజంతా గీకింది, ఒక రాత్రి ఆరబెట్టించింది. మర్నాడు పొద్దున్న గుమ్మం దాకా ఒకే లాగుడుగా గీత లాగి, టేపు ఊడబీకి, కిటికీ తెరిచి, బయటికొచ్చి తలుపు మూసింది. త్రివిక్రమూ ఆయన భార్యా వరండాలో నిలబడి చూస్తున్నారు.

"ఇది ఆరేదాకా మూడు రోజులు," అంది తాళం నొక్కి చూస్తూ.

"మాకు ఇదొక్కటే బాత్రూం కదా వాసంతీ," అన్నాడు త్రివిక్రమ్.

"తెలుసండీ." ఆమె సంచీ భుజాన వేసుకుంది. "పొద్దున్న ఆరింటికల్లా తువ్వాళ్ళు పట్టుకుని మండపానికి వచ్చెయ్యండి. వేడినీళ్ళు పెడతాను."

త్రివిక్రమ్ భార్య ముందు నవ్వింది. ఆ తర్వాత అతనూ నవ్వక తప్పలేదు. మర్నాడు పొద్దున్న ఆరింటికి న్యూ సెటిల్‌మెంట్ రోడ్డు మీద సెక్రటరీ గారు మెడలో తువ్వాలుతో, చేతిలో సబ్బుపెట్టెతో నడిచి వెళ్ళడం చాలామంది చూశారు.